గిటారు పెట్టెలోకి గొంతును పంపితే

అనంతపురంలో మిద్దె మీది చిన్న గదిని రికార్డింగు గదిగా మార్చుకున్నవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తారు. తత్వాలు, చెక్కభజన పాటలు, చర్చి పాటలు, పెళ్లి పాటలు అక్కడే తయారవుతాయి. ఒక మైకు, ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు ఉంటాయి. బృందంలో ఎవరో ఒకరు గిటారు వాయిస్తారు కనుక పాదంతో నొక్కే గిటారు ఎఫెక్ట్స్ ప్రాసెసరు కూడా ఒక మూలన ఉంటుంది. ధ్వనిని కాస్త ఆగి మళ్లీ వినిపించే డిలే, గదిలో మోగినట్టు చేసే రివర్బ్, ఒక గొంతును పలు గొంతులుగా వినిపించే కోరస్, గరుకుదనం తెచ్చే డిస్టార్షన్ అన్నీ అందులోనే ఉన్నప్పుడు గాయకుడి గొంతునూ, సింథసైజరు నాదాన్నీ దాని గుండా పంపకూడదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తప్పకుండా పంపవచ్చు. అయితే ఆ పెట్టెను తయారుచేసినవారు తమ ముందుకు వచ్చేది గిటారే అన్న నమ్మకంతో ప్రతి భాగాన్నీ రూపొందించారు. ఆ నమ్మకాలు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో గుర్తించగలిగితే ఏ మీటను వాడాలో, దేన్ని ఆపేయాలో మనకే తెలిసిపోతుంది.

నిజానికి ప్రాసెసరు గుండెకాయకు గిటారంటే ఏమిటో తెలియదు. లోపలికి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని అది సాధారణంగా సెకనుకు 44,100 గాని, 48,000 గాని సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల మీద గుణకారాలు, కూడికలు చేసి తిరిగి విద్యుత్తుగా బయటికి పంపుతుంది. ఒక వాద్యం కోసం పుట్టిన పరికరం మరొకదానికి పనికిరావడం కొత్త విషయమూ కాదు. హామండ్ ఆర్గన్ కోసం డాన్ లెస్లీ తయారుచేసిన తిరిగే స్పీకరు గుండా 1966లో లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో జాన్ లెనన్ గొంతును పంపి రికార్డు చేశారు. అప్పుడు కూడా ముందుగా తేల్చుకోవలసి వచ్చింది తీగలు ఎలా కలపాలన్నదే.

ఇక్కడ మొదటి చిక్కు లెవెల్‌ది. మామూలు డైనమిక్ మైకు దగ్గర పాడితే వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. గిటారు పికప్ నుంచి వచ్చేది వందల మిల్లీవోల్టులు. ఒకటి 2, మరొకటి 200 అనుకుంటే తేడా వంద రెట్లు, అంటే 40 డెసిబెల్స్. మైకును వట్టి మార్పిడి తీగతో గిటారు జాక్‌లో పెడితే గొంతు సన్నగా వినిపిస్తుంది. దాన్ని పెంచబోతే వెనకాల ఉన్న బుసబుసలు కూడా దానితోపాటే పెరుగుతాయి. దీనికి ఇంపిడెన్స్, అంటే విద్యుత్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, కుదరకపోవడమే కారణమని చాలామంది చెబుతారు గాని, అది సగం మాటే. మైకు ఇంపిడెన్స్ కొన్ని వందల ఓములు, గిటారు ఇన్‌పుట్‌ది సుమారు పది లక్షల ఓములు. తక్కువ నుంచి ఎక్కువకు పోవడంలో సంకేతానికి నష్టం లేదు. కొరత వోల్టేజిలోనే ఉంది. తీగ చివర తగిలించే చిన్న మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేది కూడా అది వోల్టేజిని సుమారు పది రెట్లు పెంచుతుంది కనుకనే. అంతకంటే మంచి పద్ధతి, మైకును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గాని, మిక్సరులో గాని ఉన్న ప్రీఆంప్‌కు, అంటే మైకు సంకేతాన్ని పెంచే భాగానికి, కలిపి, అక్కడి లైన్ అవుట్ నుంచి తగ్గించిన లెవెల్‌తో ప్రాసెసరుకు పంపడం. కండెన్సర్ మైకు అయితే ఈ దారి తప్పనిసరి, ఎందుకంటే దానికి కావలసిన 48 వోల్టులు గిటారు జాక్ ఇవ్వలేదు.

సింథ్ విషయంలో ఇబ్బంది దీనికి పూర్తిగా తలకిందులు. లైన్ లెవెల్‌లో, ఒక్కొక్కసారి వోల్టును మించి వచ్చే దాని సంకేతం గిటారు ఇన్‌పుట్‌ను నింపేసి, అంకెలుగా మారే చోటే శిఖరాలు తెగిపోతాయి. ప్రాసెసరులో ఇన్‌పుట్‌ను లైన్‌కు మార్చే అమరిక ఉంటే దాన్ని వాడాలి, లేకపోతే కీబోర్డు వాల్యూమునే తగ్గించాలి. ఎరుపు దీపం వెలగకుండా, అత్యంత గట్టి స్వరానికి కూడా కొంత ఖాళీ మిగిలేలా ఉంచుకోవడం మంచిది. గిటారుకు ఒకే తీగ చాలు కనుక చాలా ప్రాసెసర్లకు ఇన్‌పుట్ కూడా ఒకటే ఉంటుంది; స్టీరియోగా విస్తరించి ఉన్న సింథ్ ప్యాడ్ అక్కడ ఒంటి చారగా కుంచించుకుపోతుంది.

ఇక లోపలి నమ్మకాల దగ్గరికి వద్దాం. ధ్వని ఒక స్థాయి కంటే తగ్గగానే దాన్ని మూసేసే నాయిస్ గేటు నాకు నేర్పిన పాఠం ఇక్కడ చెప్పాలి. ఒక పల్లె నుంచి వచ్చిన పెద్దాయన వీరబ్రహ్మంగారి తత్వాలు పాడుతుండగా, ఫ్యాను చప్పుడు వినిపించకూడదని నేను నాయిస్ గేటు పెట్టి, ప్రాసెసరు నుంచి వచ్చినదాన్నే రికార్డు చేశాను. తరువాత విని చూస్తే "అన్నాడు" అన్నది "అన్నాడ్" అయింది, "చూడు" అన్నది "చూడ్" అయింది. తీగను మీటిన క్షణంలో గట్టిగా లేచి, ఆ తరువాత నిదానంగా తగ్గే ధ్వనికి తగినట్టు ఆ గేటు తయారైంది. తోక చివర మిగిలింది చప్పుడే అని అది అనుకుంటుంది. తెలుగు అజంత భాష. మన మాట చివరి ఉకారం ఎంత మెత్తగా పలికినా అది మాటలో భాగమే. గొంతుకు గేటు వాడవద్దనే నా సలహా. గదిని నిశ్శబ్దంగా ఉంచడానికి పడే కష్టం ఏ మీటతోనూ తీరదు.

క్యాబినెట్ అన్న భాగంలో ఉన్న నమ్మకం వేరు. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన తరువాత దాదాపు ఏమీ వినిపించదు, ప్రాసెసరు ఆ గుణాన్నే అనుకరిస్తుంది. స వంటి ధ్వనుల స్పష్టత ఎక్కువగా ఉండేది ఆ పై భాగంలోనే కనుక, క్యాబినెట్ గుండా వచ్చిన గొంతు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసే పాత టెలిఫోనును గుర్తుచేస్తుంది. ఆ పాతదనం కావాలనుకున్న ఒక చరణానికి అది చక్కగా అమరుతుంది. పాట మొత్తానికైతే గిటారు యాంప్లిఫయరును అనుకరించే ఆంప్‌నూ, క్యాబినెట్‌నూ ఆపేసి మిగిలినవి వాడుకోవాలి.

డిస్టార్షన్‌లోని గణితం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తరంగం శిఖరాలను తెంపినప్పుడు అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్, పుడతాయని అందరికీ తెలుసు. రెండు స్వరాలు ఒకేసారి లోపలికి వెళ్లినప్పుడు మాత్రం వాటి కూడికలు, తీసివేతలు కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుంటే పంచమం 360. వీటి తేడా 120, అంటే మంద్ర షడ్జం. మొత్తం 600, అంటే పై స్థాయి అంతర గాంధారం. షడ్జాన్ని రెండింతలు చేసి పంచమాన్ని తీసేసినా మళ్లీ 120కే చేరుకుంటాము. ఏ విధంగా కలిపినా అన్నీ 120కి గుణిజాలే కనుక, స–ప జంట ఎంత డిస్టార్షన్ వేసినా తన శ్రుతిని తానే బలపరుచుకుంటుంది. గిటారు వాయించేవారు పవర్ కార్డ్ అని పిలిచేది ఈ జంటనే. అదే షడ్జానికి 256 హెర్ట్జ్ శుద్ధ రిషభాన్ని జత చేస్తే 224, 272 వంటి స్వరాలు పక్కపక్కనే పుట్టి గందరగోళం చేస్తాయి.

గొంతు విషయంలో దీని పర్యవసానం విచిత్రంగా ఉంటుంది. గాయకుడి పక్కనే శ్రుతిపెట్టె మోగుతూ అదే మైకులోకి వస్తున్నదనుకుందాం. గమకంలో గొంతు పైకి జారుతుంటే, డిస్టార్షన్‌లో పుట్టిన తేడా స్వరాల్లో కొన్ని అదే వేగంతో కిందికి జారుతాయి. ఎవరూ పాడని ఒక నీడ గొంతు ఎదురు దిశలో నడుస్తుంది. అందుకే గొంతుకు డిస్టార్షన్ వేయాలనుకుంటే శ్రుతిని హెడ్‌ఫోన్‌లోనే వినిపించాలి. సింథ్‌కు కూడా నాలుగైదు స్వరాల కార్డ్‌ల కంటే ఒంటి స్వరపు బాణీ మీదే ఇది బాగుంటుంది.

స్వరాన్ని ఒక స్థాయి పైకి జరిపే ఆక్టేవ్ ఎఫెక్టులో మరో చిక్కు ఉంది. "ఆ" అన్న అచ్చును "ఆ"గా వినిపించేది నోటి కుహరంలో ఏర్పడే అనునాద శిఖరాలు, అంటే ఫార్మెంట్లు. శ్రుతి మారినా అవి చాలావరకు తమ చోటనే ఉంటాయి. గిటారు అచ్చులు పలకదు కనుక దాని కోసం చేసిన పరికరం ఫార్మెంట్లను కూడా స్వరంతోపాటు పైకి లాక్కుపోతుంది. వినేవారికి ఎవరో చిన్న బొమ్మ మాట్లాడినట్టు ఉంటుంది. ఆ భాగాన్ని పది పదిహేను శాతం మాత్రమే కలిపితే గొంతుకు ఒక మెరుపు వస్తుంది గాని, అంతకు మించితే మనిషి కనిపించడు.

రివర్బ్ గురించి చెప్పాలంటే ముందు గది గురించి చెప్పాలి. మన ఇళ్లలో నేలకు పరిచేది కడప బండలు. సున్నపురాయి నునుపు ముఖం ధ్వనిని దాదాపు పూర్తిగా వెనక్కి పంపుతుంది. హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ 1890ల చివరలో కనిపెట్టిన సూత్రం ప్రకారం ప్రతినాద కాలం, అంటే గదిలో ధ్వని ఆరిపోవడానికి పట్టే సమయం, గది ఘనపరిమాణానికి అనుపాతంలోనూ, ధ్వనిని పీల్చుకొనే శక్తికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ గదిలో బండలు, సున్నపు గోడలు ధ్వనిలో 3 శాతమే పీల్చుకుంటాయనుకుంటే ఆ కాలం సుమారు 2.9 సెకన్లు. అరవై శాతం పీల్చుకొనే దళసరి బొంతలు, పరుపులు 12 చదరపు మీటర్ల మేర గోడలకు ఆనిస్తే అది 0.7 సెకనుకు దిగుతుంది. రికార్డయిన ప్రతినాదాన్ని తీసేయడం చాలా కష్టం కనుక, ప్రాసెసరులోని రివర్బ్ కోసం ఆశపడేవారు ముందు బొంతలు వెతుక్కోవాలి.

గిటారు కోసం దాచిపెట్టిన రివర్బ్ అమరికలు తెలుగు గొంతుకు సాధారణంగా దీర్ఘం. అక్క, అప్ప, ఎత్తు అన్నప్పుడు ద్విత్వం మధ్యలో పెదవులో నాలుకో మూసుకొని ఒక క్షణం పాటు నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దమే వినేవారికి ద్విత్వాన్ని తెలుపుతుంది. ముందు అచ్చు తాలూకు రివర్బ్ తోక అందులోకి వచ్చి చేరితే మాట మెత్తబడిపోతుంది. అందుకే తోకను కురచ చేసి, రివర్బ్ మొదలయ్యేముందు 20 నుంచి 40 మిల్లీసెకన్ల విరామం, అంటే ప్రీడిలే, పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. డిలేకు కూడా గండికోట లోయనే కొలతగా తీసుకోవచ్చు: ఎదుటి బండ 85 మీటర్ల దూరంలో ఉంటే కేక అర సెకనులో తిరిగి వస్తుంది. నిమిషానికి 120 దెబ్బలు పడే చెక్కభజనలో ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ మధ్య ఉండేది కూడా సరిగ్గా ఆ 500 మిల్లీసెకన్లే. అదే వేగంలో ఒక్కో దెబ్బను మూడుగా విడగొట్టే తిస్ర గతి పాటలో మాత్రం గిటారు వాయించేవారికి అలవాటైన 375 మిల్లీసెకన్ల డిలే నడకకు అడ్డుపడుతుంది. అక్కడ 167 గాని, 333 గాని కావాలి.

మిక్సరు సెండ్ ద్వారా, అంటే గొంతు నేరుగా వెళ్తూనే దాని నకలు ప్రాసెసరుకూ పోయేలా, కలిపినప్పుడు మిక్స్ మీటను 100 శాతం ఎఫెక్టు వైపే ఉంచాలి. అంకెలుగా మారి తిరిగి రావడానికి దానికి కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యం 2 మిల్లీసెకన్లు అనుకుంటే, దాని గుండా వచ్చిన అసలు గొంతు, నేరుగా వచ్చిన గొంతుతో కలిసి 250, 750, 1,250 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఫలితంగా గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పరికరం చెడిపోయిందని అనుకొనేవారిని చూశాను.

గుంయ్యిమనే 50 హెర్ట్జ్ మోత వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జరును తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడాలి. మోత ఆగితే దోషం కరెంటు సరఫరా వైపో, ఎర్తింగు వైపో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో వేసవికి నేల ఎండి ఎర్త్ గుంత నిరోధం పెరుగుతుంది. గుంతలో నీళ్లు పోసే అలవాటు ఊరికే రాలేదు.

ఇవన్నీ తెలిశాక రికార్డింగు వరుసనే మార్చుకున్నాను. గొంతును ఏ ఎఫెక్టూ లేకుండా కంప్యూటరులో భద్రపరచి, తరువాత ఇంటర్‌ఫేస్ అవుట్ నుంచి లెవెల్ తగ్గించి ప్రాసెసరుకు పంపి, వచ్చినదాన్ని వేరే ట్రాకులో తిరిగి రికార్డు చేస్తాను. స్టూడియోల్లో దీన్ని రీఆంపింగ్ అంటారు. గాయకుడి ముందు తొందరపడవలసిన అవసరం ఉండదు; తప్పు చేసినా అసలు గొంతు చెక్కుచెదరదు. ఆ పెద్దాయన మళ్లీ బస్సెక్కి వచ్చి అదే తత్వం పాడారు. ఫ్యాను ఆపి, కిటికీకి బొంత కట్టి, చెమటలు కక్కుతూ కూర్చున్నాము. ఆయన ఊరికి వెళ్లిపోయిన తరువాత ఆ గొంతును నాలుగు రకాల రివర్బ్‌ల గుండా పంపి విన్నాను. నాలుగింటిలోనూ "చూడు" అన్న మాట చివరి ఉకారం దాకా వినిపించింది.