వైఫైకి అడ్డం స్లాబే

మూడంతస్తుల ఇంట్లో రూటర్ సాధారణంగా కింద హాల్లో, టీవీ పక్కన ఉంటుంది. ఫైబర్ వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే బిగించి వెళ్లిపోతారు మరి. పై గదిలో ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయిందంటే తప్పు ప్లాన్ మీదికి పోతుంది. 100 ఎంబీపీఎస్ తీసేసి 300 వేయిస్తారు. పైన మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అసలు అడ్డం స్లాబు. ఐదారు అంగుళాల కాంక్రీటు, లోపల ఇనుప చువ్వల అల్లిక. వైఫై ఎక్కువగా రెండు రేడియో బ్యాండ్ల మీద నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు సెంటీమీటర్ల లోపే. పొట్టి తరంగం చువ్వల సందుల్లోంచి తేలిగ్గా దూరిపోవాలి కదా అనిపిస్తుంది. చువ్వల వరకూ అది నిజమే. కానీ కాంక్రీటు పొట్టి తరంగాన్నే ఎక్కువగా మింగేస్తుంది. అందుకే పై అంతస్తులో 5 గిగాహెర్ట్జ్ ముందు చేతులెత్తేస్తుంది. స్లాబులో తడి ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. పైగా ఈ నష్టం కూడిక కాదు, గుణకారం: ఒక స్లాబు సిగ్నల్‌లో పదో వంతు మిగిల్చితే, రెండోది దాటాక మిగిలేది నూరో వంతు.

యాంటెనా కొన ఎటు చూపిస్తే అటు సిగ్నల్ దూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పుల్లలాంటి యాంటెనా తన చుట్టూ పక్కలకే బాగా ప్రసారం చేస్తుంది, కొన దిక్కున అతి తక్కువ. అన్నీ నిటారుగా నిలబెడితే సరిగ్గా పైగదికే అన్యాయం. ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి, ఖర్చేమీ లేదు.

పవర్ ఎక్కువున్న రూటర్ కొంటే? ఫోన్ కూడా జవాబు పంపాలి, దాని బలం తక్కువ. మనం మేడమీదికి పెట్టిన కేక అక్కడ వినిపిస్తుంది, అక్కడి నుంచి మెల్లగా ఇచ్చిన జవాబు మనదాకా రాదు. గీతలు నిండుగా కనిపిస్తున్నా నెట్ నత్తనడక నడవడానికి ఇదొక కారణం.

రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే పెట్టె రిపీటర్. దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెట్టేవాళ్లు ఉన్నారు. అందనిదాన్ని అదెలా అందిస్తుంది? సగం దారిలో, మెట్ల మలుపు దగ్గర పెట్టాలి, అక్కడ స్లాబు తెరిచి ఉంటుంది. ఒకే రేడియో ఉన్న రిపీటర్ అయితే వినడానికీ చెప్పడానికీ అదే వాడాలి కనుక వేగం దాదాపు సగమవుతుంది. ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే నెట్‌వర్క్‌గా నడిపే ఖరీదైన మెష్ పెట్టెలు ఇంతకంటే తెలివైనవే, కానీ వాటి మధ్య లంకె గాల్లోనే నడిస్తే వాటికీ అదే స్లాబు.

నా ఓటు వైరుకే. క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం మోస్తుంది. ఏసీ పైపు కన్నంలోంచో, బయటి గోడ వెంటో పైకి లాగి, చివర ఇంకో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం వరకే చేసేలా, పెడితే చాలు. పేరు, పాస్‌వర్డ్ కిందిదానివే ఇవ్వండి, 2.4లో ఛానెల్ మాత్రం వేరుగా, 1, 6, 11లలో ఒకటి. ఇల్లు ఇంకా కడుతుంటే స్లాబు వేయకముందే ఎలక్ట్రీషియన్‌తో అంతస్తు అంతస్తుకీ ఒక ఖాళీ పైపు వేయించండి, కరెంటు వైర్ల పైపు కాకుండా విడిగా. పై రూటర్‌కు కూడా ఇన్వర్టర్ లైనే ఇవ్వాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా కింద నెట్ ఉంటుంది, పైన ఉండదు.