యుద్ధంలో పోయినవాళ్ల పేరిట కట్టిన హాల్లో పెళ్లి విందులా?

పిల్లలూ,

చనిపోయిన సైనికుల పేరిట కట్టిన హాల్లో విందులు, పాటలు, మీటింగులు పెట్టుకోవడం తప్పు కాదా తాతయ్యా అని అడిగారు. మంచి ప్రశ్న. న్యూజిలాండ్‌లోని రువటోరియా అనే చిన్న ఊరి సంగతి చెబుతాను, వినండి.

అది ఉత్తర దీవి తూర్పు తీరాన, ఙాటి పోరౌ అనే మావోరీ తెగవాళ్లు ఉండే ఊరు. మావోరీలంటే న్యూజిలాండ్ మూలవాసులు. రెండో ప్రపంచ యుద్ధంలో మావోరీలను సైన్యంలో చేరమని ఏ చట్టమూ బలవంతపెట్టలేదు. అయినా 28వ మావోరీ బెటాలియన్‌లో దాదాపు 3,600 మంది పనిచేశారు. వాళ్లలో 600 మందికి పైగా మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. పోయినవాళ్లను పోరాడిన దేశాల్లోనే పూడ్చేవారు. గ్రీసులోనో, ఇటలీలోనో ఉన్న కొడుకు సమాధి దగ్గరికి ఆ తల్లి ఎలా వెళ్తుంది?

ఆ బెటాలియన్‌లో పోరాడిన ఙాటి పోరౌ కుర్రాడే ఙారిము. 1943 మార్చిలో ట్యునీషియాలో ఒక గుట్టను రాత్రంతా వదలకుండా కాపాడి, తెల్లవారాక ప్రాణం విడిచాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. యుద్ధంలో సాహసానికిచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ అతనికి వచ్చింది. దాన్ని అదే ఏడాది అక్టోబర్ 6న గవర్నర్ జనరల్ రువటోరియాకే వచ్చి అమ్మానాన్నల చేతికిచ్చారు. వేలమంది తరలివచ్చారు.

ఆ ఊళ్లోనే 1947లో ఊయెపోహాతు హాల్ తెరిచారు. రెండు ప్రపంచ యుద్ధాలకు వెళ్లిన తమవాళ్ల జ్ఞాపకంగా కట్టుకున్నారు. దాని వెనుక ఉన్న పెద్దమనిషి అపిరానా ఙాటా. న్యూజిలాండ్ 50 డాలర్ల నోటు మీద ఉండేది ఆయన బొమ్మే. చెక్కడం పనిని నడిపించిన పీనే తైయాపా కూడా ఆ బెటాలియన్‌లో పోరాడి వచ్చినవాడే. తనతోపాటు వెళ్లి రానివాళ్ల కోసం ఉలి పట్టడమంటే ఎంత బరువో ఆలోచించండి.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మావోరీల సభా మందిరం అంటే పూర్వీకుడి శరీరం. నడికప్పు దూలం ఆయన వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. గోడల పొడవునా చెక్కిన బొమ్మలు తాతముత్తాతలు. అక్కడ ఏ వేడుక జరిగినా వాళ్ల మధ్యే జరుగుతుంది. మన ఇళ్లలో పెద్దలకు బట్టలు పెట్టుకున్నాకే పండగ చేసుకుంటాం కదా, అలాంటిదే.

తక్కిన ఊళ్లలోనూ ఇలాంటి ఆలోచనే కనిపించింది. మొదటి యుద్ధం తర్వాత ఎక్కువగా రాతి స్తంభాలు నిలిపారు. రెండోదాని తర్వాత, 1946లో, జ్ఞాపకంగా హాలు కట్టుకుంటే మీరు పోగుచేసిన ప్రతి పౌండుకూ ఇంకో పౌండు కలుపుతామని ప్రభుత్వం చెప్పింది. రోజూ వాడితే పేర్లు మరిచిపోతారని కొందరు వాదించారు. నాకైతే తాళం వేసి ఉంచినచోటే పేర్లు తొందరగా మరుగున పడతాయనిపిస్తుంది. కానీ పేర్ల పలకను వంటగది మూల పెట్టకూడదు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనపడాలి.

ఙారిము పేరు హాలుతోనే ఆగిపోలేదు. 1945లో అతని పేరిట, బెటాలియన్ పేరిట ఒక స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. మావోరీ విద్యార్థులు ఆ డబ్బుతో చదువుకుంటున్నారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య