గోడకు మొలకలొచ్చిన ఏడు

చిట్టీ, నానీ,

మొన్న ఫోన్‌లో చిట్టి భలే ప్రశ్న అడిగింది, వేసవంతా పిట్టగోడ మీద నల్లగా మాడిపోయినట్టున్న పాచి రెండు వానలకే ఎలా పచ్చబడింది తాతయ్యా, అది చచ్చిపోలేదా అని. చావలేదమ్మా, నీళ్లు లేనన్నాళ్లూ ముడుచుకుని పడుకుంది. అందులో కంటికి కనబడని సైనోబ్యాక్టీరియా ఉంటాయి, అవి ఆకుల్లాగే ఎండతో అన్నం వండుకుని ఆక్సిజన్ వదులుతాయి.

ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్లో సర్రే యూనివర్సిటీ ఉంది. అక్కడి ల్యాబ్‌లో వీటిలోనే ఎడారుల్లో బతికే మొండి రకాన్ని రంగులో కలిపి, పూత పూసి, బతికించారు! మామూలు రంగుల్లో బూజు పట్టకుండా సూక్ష్మజీవుల్ని చంపే మందు కలుపుతారు, వీళ్లది సరిగ్గా ఎదురు పని. చిక్కేమిటంటే రంగు ఆరితే బిగుసుకుపోతుంది, లోపలి ప్రాణులకు నీళ్లందవు. పొర గట్టిపడాలని వేడి చేస్తే అవి చస్తాయి.

దీనికి మా మట్టిగోడ సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు గోడ పెట్టాలంటే మట్టిలో వరిగడ్డి నరికి కలిపేవాళ్లు, పిల్లలందరం దిగి మోకాళ్లదాకా బురదతో తొక్కేవాళ్లం. గడ్డి లేకపోతే గోడ బీటలిస్తుంది. ఒక ఏడు గడ్డిలో వడ్లు మిగిలిపోయి, వారం తిరక్కుండానే గోడకు మొలకలొచ్చాయి! నేను పీకబోతే మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది, ప్రాణమున్నదాన్ని ఊరికే పీకకూడదురా అని. మీరూ గుర్తుపెట్టుకోండి.

ఆ ల్యాబ్ వాళ్లూ గడ్డి కలిపారనుకోండి. వాళ్ల గడ్డి పేరు హాలోయ్‌సైట్, అదొక రకం బంకమట్టి. దాని రేణువులు వరిగడ్డి పరకల్లాగే బోలుగా ఉండే గొట్టాలు, కాకపోతే వెంట్రుకలో వెయ్యో వంతు సన్నం. అవి పూతలో సందులు ఉంచుతాయి, ఆ సందుల్లోంచి నీళ్లు లోపలికెళ్తాయి, మొలకలొచ్చిన మా గోడలాగే ఆ పూతా బతుకుతుంది. 2023లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం గ్రాము బ్యాక్టీరియా రోజుకు 0.4 గ్రాముల దాకా ఆక్సిజన్ ఇచ్చింది, నెల రోజులు కొలిచినా తగ్గలేదు. 200 కోట్ల ఏళ్లకు ముందే ఈ భూమి మీద గాలిలో ఆక్సిజన్ నింపింది కూడా వీటి ముత్తాతలే, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నానీ, మెట్ల పక్కన వాన తగలని చోట ఇంకా నల్లగానే ఉన్న పాచి మీద పొద్దున్నే రెండు చెంచాల నీళ్లు పొయ్యి, సాయంత్రం ఇద్దరూ వెళ్లి చూడండి. రంగు మారిందో లేదో ఫోన్ చేసి చెప్పండి. పిట్టగోడ మాత్రం ఎక్కొద్దు, పాచికి కాలు జారుతుంది.

మీ తాతయ్య