తొలినాటి యూరప్ సినిమా, ఇతర కళలు: అపోహలు – వాస్తవాలు

మూకీల ప్రదర్శనలు నిర్వహిస్తూ, సినిమా చరిత్ర పాఠాలు చెబుతూ ఉంటాను కనుక ఈ కింది అపోహలు నాకు ఏటా వినిపిస్తూనే ఉంటాయి.

అపోహ: మూకీని నిశ్శబ్దంగా చూసేవారు.

వాస్తవం: తెర మీద మాట లేదు గాని హాలులో సంగీతం ఉండేది. 1908 నవంబరులో ప్యారిస్‌లో ప్రదర్శించిన ‘గీజ్ ప్రభువు హత్య’కు, అప్పటికి 73 ఏళ్ల వయసున్న ప్రసిద్ధ స్వరకర్త కామీ సేన్‌సాన్స్ ప్రత్యేకంగా సంగీతం రాశారు. అందులో తీగవాద్యాలు, పియానోలతో పాటు హార్మోనియం కూడా ఉంది (మన పద్యనాటకాలవారు తమదే అనుకునే ఆ పెట్టె పుట్టిల్లూ ప్యారిసే). ఒకసారి ఆ చిత్రాన్ని సంగీతం లేకుండా వేశాను. ఐదు నిమిషాలకే హాల్లో దగ్గులు, కుర్చీల కిర్రులు మొదలయ్యాయి. తప్పు నాదే.

అపోహ: నాటకాన్ని కెమెరా ముందు ఆడించడమే ఆనాటి సినిమా.

వాస్తవం: సగం నిజం. పై చిత్రానికే రచయిత ఆంరీ లావెదాన్ నాటకకర్త, ప్రధాన నటులు ప్యారిస్‌లోని ప్రసిద్ధ నాటకశాల కొమెదీ ఫ్రాన్సేజ్ నుంచి వచ్చినవారు, కెమెరా కదలదు. అయితే ప్రభువు ఒక గది దాటి మరో గదిలోకి నడుస్తున్నకొద్దీ కథ కూడా ఆయన వెంటే నడుస్తుంది; రంగస్థలం మీదైతే తెర దించి సెట్టు మార్చవలసిన చోట ఇక్కడ ఒక్క కత్తిరింపు సరిపోయింది.

అపోహ: అవన్నీ నలుపు తెలుపు చిత్రాలు.

వాస్తవం: ఫ్రెంచి దర్శకుడు జార్జ్ మెలియేస్ చిత్రాలకు ప్యారిస్‌లో ఎలిసబెత్ తుయ్యే నడిపిన కార్ఖానాలో స్త్రీలు కుంచెలతో రంగులు అద్దేవారు. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. ఫిల్ము మీద బొమ్మ తపాలా బిళ్లంత ఉంటుంది. సెకనుకు 16 బొమ్మల లెక్కన నిమిషం నిడివికి 960 బొమ్మలు, ఇంకో ప్రతి కావాలంటే ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి. అలాంటి ప్రతిని ఆపి ఆపి చూస్తే, రంగు గీత దాటి ఒలికిన చోట్లు, బొమ్మబొమ్మకీ వణికే అంచులు కనబడతాయి. 1902 నాటి ‘చంద్రలోక యాత్ర’కు రంగులద్దిన ప్రతి ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది.

అపోహ: సినిమాను మొదటి నుంచీ ఏడో కళ అనేవారు.

వాస్తవం: ఇటలీకి చెందిన విమర్శకుడు రిచియోత్తో కనూడో 1911లో దాన్ని వాస్తుకళ, శిల్పం, చిత్రలేఖనం, సంగీతం, కవిత్వాల తర్వాత ఆరో కళ అన్నాడు, నాట్యాన్ని కూడా లెక్కలో చేర్చుకున్నాక ఏడోదైంది.

అపోహ: జర్మన్ మూకీ ‘డాక్టర్ కాలిగరీ’లోని వంకర గోడలు కెమెరా మాయ.

వాస్తవం: అది కుంచె పని. 1920లో బెర్లిన్‌లో విడుదలైన ఈ చిత్రానికి హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ సెట్లు రూపొందించారు. గోడల మీది నీడలు, వెలుగు చారలు కూడా చాలాచోట్ల రంగుతో గీసినవే. నటులు ఆ గీతలకు తగ్గట్టు ఒళ్లు వంచవలసి వచ్చింది. నిద్రలో నడిచే సెజారే అనే పాత్ర, చేయి పైకి చాచి గోడను ఒరుసుకుంటూ కదిలేటప్పుడు, గోడ మీది గీత ఎక్కడ ముగిసిందో, మనిషి ఎక్కడ మొదలయ్యాడో ఒక్క క్షణం తెలియదు.