చిట్టెలుక భయాన్ని పగలు కొలిస్తే ఎలా?

వైజాగ్‌లో ఎంఫార్మసీ ప్రాజెక్ట్ చేసే పిల్లల్ని కదిపితే చాలు ఒకటే గోల, పోయిన బ్యాచ్‌కి బాగా పనిచేసిన డైజిపామ్ (ఆందోళన తగ్గించే మందు) డోసే మాకు చిట్టెలుకల మీద తేడా చూపించట్లేదు అని. మందుదా తప్పు, ఎలకదా అని తలలు పట్టుకుంటారు గానీ టైమ్ ఎంతయిందో ఎవరూ చూడరు.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1934లో కాల్విన్ హాల్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఎలకల్ని వెలుతురున్న ఖాళీ చోట వదిలి ఎన్ని పెంటికలు వేస్తున్నాయో లెక్కపెట్టాడు, భయం ఎక్కువైతే పెంటికలూ ఎక్కువే అని. 1936లో హాన్స్ సెల్యే ఎలకల్ని చలితోనో గాయంతోనో మందుతోనో, దేనితో బాధపెట్టినా కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బి, ఛాతీలో రోగనిరోధక శక్తికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయి పొట్టలో పుండ్లు పడుతున్నాయని రాశాడు. స్ట్రెస్ రీసెర్చ్‌కి పునాది అదే.

భయం కొలవడానికి ఇప్పుడు అందరూ వాడే ప్లస్ మేజ్ మాత్రం 1980ల నాటిది, చిట్టెలుకలకి 1987లో వచ్చింది. ప్లస్ గుర్తులా నాలుగు దారులు, నేలకి దాదాపు అరమీటరు ఎత్తున, రెండింటికి గోడలుంటాయి రెండింటికి ఉండవు, 5 నిమిషాలు వదిలి చూస్తారు. భయపడ్డ చిట్టెలుక వెనక కాళ్లు గోడల మధ్యే ఉంచి ఒళ్లంతా సాగదీసి మూతి మాత్రం బయటపెట్టి మీసాలు ఆడించి మళ్లీ లోపలికి పోతుంది. చూస్తే జాలేస్తుంది.

అసలు చిక్కేంటంటే చిట్టెలుక రాత్రి తిరిగే జీవి, టెస్ట్ చేసేదేమో పొద్దున పదింటికి, ఎందుకంటే మన డ్యూటీ అప్పుడే కాబట్టి. నైట్ షిఫ్ట్ దిగొచ్చి గాజువాకలో ఇంట్లో పడుకున్నోణ్ణి పదకొండింటికి లేపి మేడ పిట్టగోడ మీద నడిపించి వీడు పిరికోడు అని రాసుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క. 1972లోనే రెండు టీములు విడివిడిగా ఎలకల మెదడులో హైపోథాలమస్ అనే చోట అడుగున ఉండే చిన్న భాగాన్ని పాడుచేస్తే వాటి రోజువారీ లయ పోతుందని చూపించాయి, ఒంటి గడియారం ఉండేది అక్కడే. స్ట్రెస్ హార్మోన్ కార్టికోస్టిరాన్ కూడా దాని మాటే వింటుంది, మనకి కార్టిసాల్ తెల్లారుజామున పెరిగితే వాటికి చీకటి పడే వేళకి పెరుగుతుంది. అందుకే ఒకే స్ట్రెస్‌ని పగలిస్తే ఒకలా రాత్రిస్తే ఇంకోలా పడొచ్చు, అప్పుడు ఫలితాలు కలవలేదని ఆశ్చర్యపోవడం దేనికి.

పైగా టైమ్ ఒక్కటే కాదు. 1999లో మూడు ల్యాబులు ఒకే జాతుల చిట్టెలుకలతో, ఒకే పరికరాలతో, వీలైనంత ఒకేలా చేసినా కొన్ని టెస్టుల్లో ఫలితాలు కలవలేదు. 2010లో తోక పట్టి ఎత్తితే వాటికి భయం ఎక్కువని, గొట్టంలోకి ఎక్కించో దోసిట్లో తీసుకునో ఎత్తితే తక్కువని తేలింది. 2014లోనైతే మగవాళ్ల వాసనకే వాటికి స్ట్రెస్ పెరుగుతుందన్నారు! ఇక మన దగ్గర వేసవి ఉక్కపోత, కరెంటు పోతే ఆగిపోయే ఏసీ, లైట్ల టైమర్ మారిపోవడం, ఇవన్నీ ఎక్స్‌ట్రా.

కొన్ని చోట్ల లైట్ల టైమర్ తిప్పేసి పగలు చీకటి చేసి ఎర్ర లైట్ కింద టెస్ట్ చేస్తారు, ఎరుపు వాటికి సరిగా కనపడదు కాబట్టి. ఖర్చేం కాదు, ఓపిక కావాలంతే. జంతు ప్రయోగాలు ఎలా రిపోర్ట్ చేయాలో చెప్పే అరైవ్ గైడ్‌లైన్స్ 2010లోనే ఏ టైమ్‌కి చేశారో రాయమన్నాయి. మన థీసిస్‌ల్లో ఇంకా చాలావాటిలో ఉదయం 9 నుంచి 1 మధ్య అనే ఉంటుంది, లైట్లు ఎన్నింటికి వెలుగుతాయో మాత్రం ఉండదు, అది లేకపోతే ఆ 9 ఎలకకి ఏ వేళో ఎవరికి తెలుస్తుంది.