మానిన కాలు వేరు, మ్యాచ్ ఆడగల కాలు వేరు

2006 ఏప్రిల్ 29న చెల్సీ క్లబ్బుతో ఆడుతుండగా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ స్ట్రైకర్ వేన్ రూనీ పాదంలో నాలుగో మెటాటార్సల్ (వేళ్ల వెనకుండే పొడుగు ఎముక) విరిగింది. ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మొదటి మ్యాచ్ జూన్ 10న, అంటే సరిగ్గా 42 రోజులకు. అయినా అతన్ని జర్మనీ తీసుకెళ్లారు. రెండో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, క్వార్టర్‌ఫైనల్ దాకా ఆడాడు, ఒక్క గోలూ కొట్టలేదు. పోర్చుగల్ మీద రెడ్ కార్డుతో బయటికొచ్చాడు. మైదానంలోకి దిగేసరికి ఎముక అతుక్కునే ఉంది. కానీ ఆరేడు వారాలు మ్యాచ్ లేకుండా ఉన్న ఒంటికి ఎక్స్‌రేలో కనిపించని లోట్లు ఎన్నో ఉంటాయి.

అందుకే "గాయం మానిందా?" అని సెలెక్టర్ అడిగితే అది సగం ప్రశ్నే. ఎన్ని నిమిషాలు ఆడగలడు, ఎంత వేగంతో, నాలుగైదు రోజుల్లో మళ్లీ ఆడగలడా అన్నది మిగతా సగం. విశాఖ పోర్టు స్టేడియంలో జిల్లా జట్టును ఎంపిక చేసేవాళ్లకైనా ఈ లెక్క మారదు.

ఎముక విరగడమైతే కొంత మేలు, దాని గడువు ముందే చెప్పొచ్చు. రెండో, మూడో మెటాటార్సల్ మధ్యలో విరిగితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. చిటికెన వేలి వైపుండే అయిదో ఎముక మొదలు దగ్గర విరిగితే మాత్రం అక్కడ రక్తప్రసరణ తక్కువ కాబట్టి స్క్రూ వేసినా రెండు మూడు నెలలు పట్టొచ్చు. తొందరపడితే అక్కడే మళ్లీ విరుగుతుంది.

అసలు చిక్కంతా కండరంతోనే. కుర్రాళ్లు "నరం పట్టేసింది" అనేది చాలాసార్లు నరం కాదు, తొడ వెనక కండరం, హ్యామ్‌స్ట్రింగ్. యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో దీని వాటా 2001-02 సీజన్‌లో 12 శాతం ఉంటే, 2021-22 నాటికి 24 శాతానికి చేరింది. నిండు వేగంతో పరిగెత్తేటప్పుడు పాదం నేలను తాకడానికి కాస్త ముందు, ముందుకు దూసుకొచ్చే కాలిని ఈ కండరమే పట్టి ఆపుతుంది. సాగుతూనే బ్రేకు వేయాలి. వేగం 80 శాతం నుంచి 100కి పెరిగేటప్పుడు దాని మీద భారం బాగా పెరుగుతుంది. కాబట్టి నొప్పి లేకుండా జాగింగ్ చేశాడన్న మాట ఇక్కడ దేనికీ రుజువు కాదు.

మన ఊళ్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది: ఆర్కే బీచ్ ఇసుకలో అరగంట పరిగెత్తగలిగితే కుర్రాడు సిద్ధమే అని. మెత్తటి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీదకంటే దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. గుండెకి, ఊపిరికి, పిక్కలకి అది మంచి సాధనే. కానీ పాదం జారిపోతూ ఉంటుంది, నిండు వేగం రాదు, అంగ పూర్తిగా సాగదు. అంటే తొడ వెనక కండరం తెగే ఆ క్షణం బీచ్‌లో రానే రాదు. గాయపడిన ఆటగాడికి ఇసుక సాధనకి పనికొస్తుంది, పరీక్షకి మాత్రం పనికిరాదు.

పరీక్ష గడ్డి మీద, ఆడే బూట్లతోనే జరగాలి. ముందు బలం చూడాలి: వెల్లకిలా పడుకుని 60 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె మీద ఒక మడమ ఆనించి, నడుము పైకెత్తి దించాలి. 20 లోపే ఆగిపోతే బలహీనం, 30 దాటితే బాగున్నట్టు. రెండు కాళ్లకీ తేడా పది శాతం మించకూడదు. డాక్టరు చేతితో నొక్కినా, సాగదీసినా నొప్పి లేదన్నాక, మోకాలు వంగకుండా కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, కాలిని వీలైనంత వేగంగా మూడుసార్లు పైకి విసరమనాలి. "నొప్పి లేదు గానీ భయంగా ఉంది" అన్నా ఫెయిలే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మూడు నుంచి అయిదు రోజులాగి మళ్లీ చూడాలి. తర్వాత 30 మీటర్ల పరుగులు, వేగం పెంచుకుంటూ నూరు శాతం దాకా. ఆ టైమును గాయానికి ముందటి టైముతో పోల్చాలి. పాత టైములు రాసిపెట్టుకోని జట్టు ఇక్కడే ఇరుక్కుంటుంది.

ఊపిరికి యో-యో పరీక్ష. 20 మీటర్ల దూరంలో రెండు కోన్లు, వెళ్లి రావడం, పది సెకన్ల విరామం, బీప్ వేగం పెరుగుతూ పోతుంది. పరిగెత్తిన మీటర్లను 0.0084తో గుణించి 36.4 కలిపితే ఆక్సిజన్ వాడకపు గరిష్ఠ సామర్థ్యం సుమారుగా వస్తుంది. 2,000 మీటర్లకి 53.2, అంటే ఒంటి బరువులో ప్రతి కిలోకీ నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఇవన్నీ అయ్యాక అసలు ఫలితం మర్నాడు పొద్దున తెలుస్తుంది: కండరం బిగుసుకుందా, నొక్కితే నొప్పా అని.

అన్నీ పాసయినా ఇంకో లెక్క మిగులుతుంది. ఒక వింగర్ (మైదానం అంచు వెంట ఆడేవాడు) మ్యాచ్‌లో గంటకు 25 కిలోమీటర్లు దాటిన వేగంతో 250 మీటర్లు పరిగెత్తుతాడనుకుందాం. కోలుకునే నాలుగు వారాల్లో ఆ వేగంతో వరుసగా 0, 40, 90, 150 మీటర్లే పరిగెత్తాడు. సగటున వారానికి 70. టోర్నీలో వారానికి రెండు మ్యాచ్‌లంటే 500, అంటే ఏడు రెట్లు. ఫలానా రోజు తెగుతుందని ఈ అంకె చెప్పదు. కానీ దీన్ని చూసి కూడా 90 నిమిషాలూ ఆడించడం అన్యాయం.

ఎండ మాటా చూడాలి. సాధన ఆగిన కొన్నాళ్లకే రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, తగ్గుతుంది, చెమటతో ఒంటిని చల్లబరుచుకునే శక్తీ తగ్గుతుంది. మే నెల విశాఖలో గాలి నిండా తేమ, చెమట ఆరదు. ఏసీ జిమ్‌లో సైకిలు తొక్కి కోలుకున్నవాడు ఇక్కడ అరగంటకే తేలిపోతాడు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి, అవీ క్యాలెండర్లో ముందే తీసిపెట్టుకోవాలి.

ఇక సీటు విలువ. 2024 జనవరి ఆసియా కప్‌లో భారత్ 13, 18, 23 తేదీల్లో మూడు మ్యాచ్‌లాడి, గోలు లేకుండా వెనుదిరిగింది. గ్రూపులో ఉన్నవే మూడు. "మూడో మ్యాచ్‌కి రెడీ" అంటే ఖాయంగా ఒక్క మ్యాచ్ ఆటగాడే. 23 మంది జట్టులో ఆ సీటు చాలా ఖరీదు, 26 మందిలో కొంత భరించొచ్చు. ప్రపంచకప్‌లో గాయపడ్డవాడి బదులు మరొకరిని తీసుకోవడానికి మొదటి మ్యాచ్‌కి 24 గంటల ముందు దాకా వీలుంది. ఆ గడువు దాటితే గోల్‌కీపర్లకి తప్ప దారి లేదు.

2014లో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. మే 17న తొడ కండరం పట్టేసిన స్ట్రైకర్ డియెగో కోస్టాని సరిగ్గా వారానికే, మే 24న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అతని స్పెయిన్ క్లబ్ అట్లెటికో దింపింది. తొమ్మిదో నిమిషంలో బయటికొచ్చాడు. ఒక సబ్‌స్టిట్యూషన్ వృథా అయింది, అదనపు సమయానికి జట్టు అలసిపోయి 4-1తో ఓడింది. మే 22న ఉరుగ్వే స్ట్రైకర్ లూయిస్ సువారెజ్‌కి మోకాలి మెనిస్కస్ (కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ఆపరేషన్ అయింది. ప్రపంచకప్‌లో ఉరుగ్వే మొదటి మ్యాచ్‌లో అతన్ని ఆడించకుండా ఓడిపోయింది కూడా. జూన్ 19న దిగి ఇంగ్లండ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఒకరిది వారమే ఆగిన కండరం. ఇంకొకరిది నాలుగు వారాల గడువిచ్చిన చిన్న ఆపరేషన్, పైగా ఒక మ్యాచ్ పోయినా ఆగిన ఓపిక.

నా మటుకు, సువారెజ్ లాంటి గాయమైతే తీసుకుంటాను, కోస్టా లాంటిదైతే తీసుకోను. తీసుకున్నా షరతుంది: ఆటగాణ్ని మార్చుకునే గడువుకి రెండ్రోజుల ముందు గడ్డి మీద నిండు వేగపు పరుగు, మర్నాడు పొద్దున పరీక్ష. అతని బదులు రావాల్సిన కుర్రాణ్ని అప్పటిదాకా ఇంటికి పంపకుండా, జట్టుతోనే రోజూ సాధన చేయిస్తూ ఉంచాలి.