కైమా ఉర్లగడ్డ క్యాసరోల్: అపోహలు, వాస్తవాలు

"అక్కా, క్యాసరోల్ అంటే చపాతీలు పెట్టుకునే డబ్బా కదా, దాంట్లో కూరెట్లా వండుతారు?" అని పోయిన నెల కావలి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి అడిగింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. మన ఇళ్ళలో ఆ పేరు హాట్‌బాక్సుకే ఖాయమైపోయింది. ఫ్రెంచిలో ఆ మాటకి పిడి ఉన్న గిన్నె అని అర్థం. అమెరికాలో మాత్రం లోతైన పళ్ళెంలో మాంసమూ దుంపలూ పొరలుగా పేర్చి, ఓవెన్లో పెట్టి, అదే పళ్ళెంతో బల్ల మీదికి తెచ్చి వడ్డించే వంటని క్యాసరోల్ అంటారు. ఇంటిల్లిపాదీ ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చుని తినే రాత్రి భోజనం అది.

నేను నెల్లూరులో పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లోనే ఆర్డర్ల మీద వండి పంపిస్తున్నాను. ఏడాది పొడుగునా బిర్యానీ, చేపల పులుసు అడిగేవాళ్ళే ఎక్కువ. డిసెంబరు వచ్చిందంటే మాత్రం ఈ కైమా క్యాసరోల్ కోసం ఫోన్ మోగుతూనే ఉంటుంది. తిన్నవాళ్ళు తర్వాత ఇంట్లో చేసి చూస్తారు, కుదరకపోతే నన్నే అడుగుతారు. అట్లా పదే పదే విన్న మాటలే ఇవన్నీ. వాటికంటే ముందు ఒక్క సంగతి చెప్పాలి. ఈ వంటలో అసలు వంటంతా పొయ్యి మీదే అయిపోతుంది. పళ్ళెంలో సర్దేటప్పటికే కైమా ఉడికి, ఉర్లగడ్డ ముప్పాతిక వంతు ఉడికి ఉండాలి. చివరి ముప్పావుగంట అవి ఒకదానితో ఒకటి కలవడానికే. ఎవరింట్లో చెడినా ఈ వరస తప్పడం వల్లే చెడింది.

అపోహ: ఇది దొరల వంట, మన చేతికి రాదు

కైమాలో ఉర్లగడ్డ వేసి వండడం నెల్లూరు ముస్లిముల ఇళ్ళలో మామూలు సంగతి. క్యాసరోల్‌లో అదే జత పొరలుగా మారుతుంది, అంతే. మా అమ్మమ్మ మిషన్ బంగళాలో వంటింటి పని చేసేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరుకి, 1866లో ఒంగోలుకి వచ్చారు. ఆ బంగళాల్లో పనిచేసిన మన ఆడవాళ్ళు వాళ్ళ వంటలు నేర్చుకుని, మన మిరియాలూ అల్లమూ చేర్చి ఇంటికి తెచ్చుకున్నారు. మా అమ్మమ్మ ఓవెన్ లేకుండానే చేసేది. ఎట్లా చేసేదో కింద చెప్తాను.

అపోహ: గొడ్డు కైమాతోనే చేయాలి, లేకపోతే రుచి రాదు

విదేశీ వంటకాల్లో చెప్పేది ఆవు, ఎద్దు మాంసం. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవుల్ని కోయడం నిషేధం. ఇక్కడ పెద్దమాంసం అని దొరికేది ఎక్కువగా గేదె, దున్నపోతులదే. తినే అలవాటున్న ఇళ్ళలో దానితో చేసుకోవచ్చు, చాలా బాగుంటుంది. తిననివాళ్ళు వేటమాంసం కైమాతో చేసుకోండి. నెల్లూరు గొర్రెకి పేరున్న ఊళ్ళో ఉండి మంచి కైమా దొరకలేదని బాధపడాల్సిన పని లేదు. ఇంగ్లండులో కూడా గొర్రె కైమా మీద ఉర్లగడ్డ పరిస్తే షెపర్డ్స్ పై అనీ, గొడ్డు కైమాతో చేస్తే కాటేజ్ పై అనీ రెండు పేర్లున్నాయి. రెండూ అసలైనవే.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. గేదె మాంసంలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. కొట్టులో రెండుసార్లు ఆడించుకోండి, ఉడికేటప్పుడు ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ ఇవ్వండి.

అపోహ: కొవ్వు లేకుండా కొట్టించుకుంటే ఆరోగ్యం

కొవ్వు అసలు లేని కైమా ఉడికాక ఇసుకలా పొడిపొడిగా అవుతుంది. నమిలేకొద్దీ నోరు ఎండిపోతుంది. అమెరికాలో ఈ వంటకి నూటికి 15 నుంచి 20 పాళ్ళు కొవ్వున్న కైమా వాడడానికి కారణం ఇదే. కిలోకి 150 గ్రాముల కొవ్వు కలిపి కొట్టమని కొట్టతన్ని అడగండి. వేయించాక పైకి తేలిన నెయ్యి ఎక్కువనిపిస్తే గరిటెతో తీసేయొచ్చు. ముందే లేకుండా చేసుకున్న మెత్తదనాన్ని మాత్రం తర్వాత ఏ నూనె పోసినా తిరిగి తేలేరు.

అపోహ: కైమాని నాలుగు నీళ్ళలో కడగాలి

దీని మీద మా అత్తగారితోనే నాకు వాదన. ఆమెకి కడగని మాంసం వండడమంటే మనసొప్పదు. నేను ఆమెకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ముక్కగా ఉన్నప్పుడే కడిగించండి, తుడిపించండి, ఆ తర్వాతే కొట్టించండి. కొట్టాక కడిగితే సారమంతా నీళ్ళలో పోతుంది. మిగిలిన కైమా స్పంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది, ఇక అది వేగదు. పైగా ఆ నీళ్ళ చిందులు పక్కనున్న కొత్తిమీర మీదా గిన్నెల మీదా పడి, పచ్చి మాంసంలోని క్రిములు వంటిల్లంతా చేరతాయి. కడిగితే క్రిములు చావవు, వేడికే చస్తాయి.

ముక్కగా ఉన్న మాంసానికి క్రిములు పైపైనే ఉంటాయి. కొట్టేసరికి పైనున్నవి లోపలికంతా కలిసిపోతాయి. కైమాకి ముక్కకంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది అందుకే. అమెరికా వ్యవసాయ శాఖ కైమా లోపల వేడి 71 డిగ్రీల సెల్సియస్ దాటాలని చెప్తుంది. రంగు చూసి ఉడికిందనుకోకూడదు. కొన్నిసార్లు ఆ వేడి రాకముందే కైమా గోధుమరంగుకి తిరిగిపోతుంది. మన పద్ధతిలో ఎటూ అరగంట పైన ఉడికిస్తాం కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: మసాలా దండిగా వేస్తే నీచు వాసన పోతుంది

పోదు. నీచు వాసనకి మసాలా తోడవుతుంది, అంతే. వాసన పోయేది కైమాలో నీళ్ళు ఇగిరి, అడుగున ఎర్రగా పట్టుకున్నప్పుడు.

బాణలి బాగా కాలనివ్వండి. ముప్పావుకిలో కైమా అయితే మూడు దఫాలుగా వేయండి. అంతా ఒకేసారి వేస్తే బాణలి చల్లబడి నీళ్ళు ఊరతాయి, కైమా తన నీళ్ళలో తనే ఉడికి బూడిదరంగు తిరుగుతుంది. వేశాక రెండు నిమిషాలు గరిటె పెట్టకండి. చప్పుడు వినండి. ముందు బుడబుడమంటుంది, అంటే నీళ్ళు ఇంకా ఉన్నాయని. కాసేపటికి ఆ బుడబుడ తగ్గి చిటచిట మొదలవుతుంది. అప్పుడు నీళ్ళు పోయి కొవ్వులో వేగుతోందన్నమాట. అడుగున ఎర్రటి చెక్కు కట్టడం కనిపిస్తుంది, వాసన కూడా పచ్చి వాసన నుంచి కమ్మటి వేపుడు వాసనకి మారుతుంది. ఉప్పు ఆ తర్వాతే. అడుగున పట్టిన ఆ చెక్కుని అర గ్లాసు వేణ్ణీళ్ళు పోసి గరిటెతో గీకి కైమాలోనే కలపండి. ఈ వంటలోని రుచంతా అందులోనే ఉంది.

అదే బాణలిలో మూడు ఎర్రగడ్డలు తరిగి వేయించి, రెండు చెంచాల అల్లం తెల్లగడ్డ ముద్ద, ఒక చెంచా మిరియాల పొడి, అర చెంచా గరం మసాలా, మీకు సరిపడా కారం వేస్తే చాలు. మూడు టమోటాలు వేసి మూతపెట్టి, సన్న సెగ మీద గరిటె జారుగా ఉడకనివ్వండి. గరిటెతో ఒక పక్కకి లాగితే బాణలి అడుగు రెండు క్షణాలు కనిపించాలి. దానికంటే పలచగా ఉంటే పళ్ళెంలో పులుసై నిలుస్తుంది.

అపోహ: ఉర్లగడ్డ చక్రాలు పచ్చివే పరిస్తే కైమా రసంలో అవే ఉడుకుతాయి

దీని గురించి నేను ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇది నాకే జరిగింది. మొదట్లో ఒక క్రిస్మస్‌కి ఇరవైమందికి చేశాను. పచ్చి చక్రాలు పరిచి, మనవాళ్ళకి పులుపుంటేనే రుచి కదా అని టమోటాతో పాటు చింతపండు రసం కూడా పోశాను. గంట పెట్టాను, గంటన్నర పెట్టాను. పైన మాడిపోయింది గానీ లోపలి చక్రాలు కరకరమంటూనే ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ మర్చిపోలేను.

పప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మనకి చిన్నప్పుడే చెప్తారు. ఉర్లగడ్డకీ అదే లెక్క. కణాల్ని ఒకదానికొకటి అతికి పట్టుకుని ఉండేది పెక్టిన్. మామూలు నీళ్ళలో మరిగితే అది కరిగి, గడ్డ మెత్తబడుతుంది. పులుపు తగిలితే ఆ పెక్టిన్ గట్టిగా నిలబడిపోతుంది. ఎంతసేపు ఉడికించినా ముక్క బిరుసుగానే ఉంటుంది.

అందుకని కిలో ఉర్లగడ్డల్ని పావు అంగుళం మందాన చక్రాలుగా కోసి, ఉప్పు వేసిన నీళ్ళలో ఆరేడు నిమిషాలు ఉడికించండి. చాకు మొన గుచ్చితే దిగాలి గానీ చక్రం విరగకూడదు. వార్చి, పాత నూలుగుడ్డ మీద ఆరబెట్టండి. ఆవిరి పోయాక అంచులు కాస్త తెల్లగా, పొడిగా కనిపిస్తాయి. ఆ తర్వాత పులుపు తగిలినా ఇబ్బంది లేదు. చింతపండు వేయాలనిపిస్తే అప్పుడు నిశ్చింతగా వేసుకోండి. నేనైతే ఒక చెంచా చిక్కటి గుజ్జు వేస్తాను, నెల్లూరు నాలుకకి అది లేకపోతే వెలితి.

అపోహ: ఉర్లగడ్డ ఏదైనా ఒకటే

పిండెక్కువ ఉన్న గడ్డ ఉడికితే పూసిపోతుంది, గుజ్జుకి మంచిది. నీళ్ళెక్కువ ఉన్న గడ్డ ముక్క చెదరకుండా నిలుస్తుంది, చక్రాలకి మంచిది. ఏది ఏదో తెలియకపోతే పదకొండు గిన్నెల నీళ్ళలో ఒక గిన్నె ఉప్పు కలిపి గడ్డని వేసి చూడండి. మునిగేది పిండి గడ్డ, తేలేది నీటి గడ్డ. తొక్క కింద ఆకుపచ్చగా ఉంటే లోతుగా చెక్కి పారేయండి, ఆ విషం ఉడికించినా పోదు. ఇక ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చల్లదనానికి పిండి చక్కెరగా మారి, గడ్డ తియ్యబడుతుంది, వేగితే నల్లబడుతుంది.

చక్రాలకి బదులు పైన గుజ్జు పరుస్తామనేవాళ్ళకి ఒక్క మాట. మిక్సీలో వేయకండి. బ్లేడు తిరిగేకొద్దీ పిండి కణాలు చితికి, గుజ్జు కాస్తా జిగురై సాగుతుంది. పప్పుగుత్తితో మెదపండి, వేడిగా ఉన్నప్పుడే.

అపోహ: ఓవెన్ లేకపోతే కుదరదు

ఓవెన్ ఉంటే 190 డిగ్రీల మీద నలభై నిమిషాలు. లేనివాళ్ళకి మా అమ్మమ్మ పద్ధతి. అడుగు మందంగా ఉన్న పాత దబరలో రెండంగుళాలు శుభ్రమైన ఇసుక పోసి, మూతపెట్టి, పావుగంట కాగనివ్వాలి. ఇసుక మీద చిన్న స్టాండు, దాని మీద నెయ్యి రాసి పొరలు సర్దిన గిన్నె. అడుగున చక్రాలు, పైన కైమా, మళ్ళీ చక్రాలు. బరువైన మూత పెట్టి సన్న సెగ. మూత మీద టెంకాయ చిప్పల నిప్పులు పోసేది అమ్మమ్మ. పై సెగ తగిలితేనే చక్రాలు ఎర్రబడతాయి. దమ్ బిర్యానీకి మనవాళ్ళు చేసేదీ ఇదే.

నిప్పులు పోస్తే మాత్రం పెరట్లోనే చేయండి. తలుపులు మూసిన వంటింట్లో బొగ్గుల పొగ ప్రాణం మీదికి తెస్తుంది. అపార్టుమెంట్లో ఉండేవాళ్ళు పై పొరకి కావాల్సిన చక్రాల్ని ముందే పెనం మీద నెయ్యి వేసి రెండు పక్కలా ఎర్రగా కాల్చుకుని పేర్చుకుంటే సరిపోతుంది.

చీజ్ తప్పనిసరా అని కూడా అడుగుతారు. కాదు. ఉంటే వేసుకోండి. లేకపోతే రెండు గుడ్లు గిలక్కొట్టి, కాసిని పాలు, మిరియాల పొడి కలిపి పైన పోయండి. పొరల్ని పట్టి ఉంచుతుంది, పిల్లలు ఆ పై పొర కోసమే కొట్టుకుంటారు.

అపోహ: దించగానే వేడివేడిగా కోసి వడ్డించాలి

పావుగంట ఆగండి. దించిన వెంటనే కోస్తే పొరలు జారి, గిన్నె అడుగున రసం మడుగు కడుతుంది. కాస్త చల్లబడితే ఉర్లగడ్డలోని పిండి రసాన్ని పట్టుకుని గట్టిపడుతుంది, ముక్క ముక్కగా లేస్తుంది. అప్పటికీ నాలుక కాలేంత వేడిగానే ఉంటుంది.

మిగిలితే రాత్రంతా బల్ల మీద వదిలేయకండి. వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే గడువు, మన నెల్లూరులో ఎండాకాలం అంటే రాత్రిపూట కూడా దాదాపు అదే లెక్క. మర్నాడు ముక్కల్ని పెనం మీద మూతపెట్టి పొగలు వచ్చేదాకా కాల్చండి. మా ఇంట్లో పొద్దున్నే దోసె మధ్యలో చిదిమి పెట్టమంటారు. అడుగంటిన మూల ముక్క మాత్రం మా అత్తగారిది, ఆమె అడగకముందే తీసి పక్కన పెడతాను.